ఇంగ్లండు నుండి అమెరికాకు – ఏ నగరం మేలు?

ఇంగ్లండులో నాలుగైదేండ్లు గడిపిన మన ప్రాంతపు యువకుల నోట ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినవస్తున్నది. “అమెరికాకు మారుదామనుకుంటున్నాము, ఏ నగరానికి పోతే మేలు?” అని. సెలవులకు గాజులరామారం వచ్చిన పూర్వవిద్యార్థులు అడుగుతారు. వారి తల్లిదండ్రులు అంతకంటె ఆత్రుతతో అడుగుతారు. షాపూర్‌నగర్, సూరారం, జీడిమెట్ల వీధులలో కుమారుడొకడు లెస్టరులోనో బర్మింగ్‌హాములోనో, దగ్గరి బంధువొకడు చికాగోలోనో డాలస్‌లోనో ఉన్న ఇండ్లు నేడు అరుదు కావు. ప్రశ్న చిన్నదే. కాని సమాధానం చెప్పబోయేవారు సాధారణంగా తమ బావమరిది ఉన్న ఊరి పేరు చెబుతారు, లేదా ఏ పత్రికలోనో చదివిన ఉత్తమ నగరాల పట్టికను అప్పగిస్తారు. ఈ రెండింటి వల్లను ప్రయోజనం స్వల్పం. నగరాలను తూచడానికి వేరొక తరాజు కావాలి. ఆ తరాజు ఎట్టిదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంగ్లండు మీదుగా అమెరికా చేరడం తెలుగువారికి కొత్త విషయమేమీ కాదు. ఇందుకు ప్రసిద్ధమైన తొలి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఖద్దరు ధరించిన ‘నేరానికి’ ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చిన ఆ మహనీయుడు, లండనులో ఉష్ణమండల వైద్యం అభ్యసించి 1923 అక్టోబరులో బోస్టను చేరారు. బోస్టనును ఆయన పటం ముందు పెట్టుకొని ఎంచుకోలేదు. హార్వర్డు ఆచార్యుడు రిచర్డ్ స్ట్రాంగ్ పిలుపు ఆ నగరాన్ని నిర్ణయించింది. అక్కడ చదువుకొంటూ, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేసి పొట్ట పోసుకొన్నారు. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది కూడ ఆ 1923లోనే. ఎంత పరిశోధన చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరడానికి న్యూయార్కుకు ఉత్తరాన ఉన్న పెర్ల్ రివర్ అనే చిన్న ఊరికి మారారు. ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణ, బోదకాలుకు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ – ఇవన్నీ ఆ చిన్న ఊరిలోని ప్రయోగశాల ఫలాలే. ఆయన 1948లో మరణించారు. హైదరాబాదులో బోస్టను పేరు ఎరుగనివారు తక్కువ, పెర్ల్ రివర్ పేరు ఎరిగినవారు తక్కువ. నగరం పేరుకూ అది మనిషికి చేసే మేలుకూ సంబంధం ఎంత పలుచనిదో ఇందువల్ల తెలుస్తుంది.

సుబ్బారావుగారి నాడు ఒంటరి బాటగా ఉన్నది 1960 తరువాత రహదారి అయినది. 1948 జూలై 5న ఆరంభమైన బ్రిటిష్ జాతీయ ఆరోగ్య సేవకు వైద్యులు చాలలేదు. ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర, గుంటూరు వైద్య కళాశాలల పట్టభద్రులు ఎఫ్.ఆర్.సి.ఎస్., ఎం.ఆర్.సి.పి. పట్టాలు సాధించవలెనన్న ఆశతో ఓడలెక్కారు, విమానాలెక్కారు. పట్టా వచ్చిన తరువాత తెలిసినది, కోరిన శాఖలో పైపదవి రావడం కష్టమని. శస్త్రచికిత్స, హృద్రోగ విభాగాలు స్థానికులకు పోగా వృద్ధుల వైద్యం, మానసిక వైద్యం, గని కార్మికుల పట్టణాలలోని చిన్న దవాఖానాలు పరదేశీయుల పాలికి మిగిలేవి. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ఇంతలో అమెరికాలో అధ్యక్షుడు జాన్సన్ 1965 జూలై 30న వృద్ధుల వైద్య బీమా చట్టం మీద, అదే సంవత్సరం అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీద సంతకాలు చేశాడు. మొదటిది వైద్యుల అవసరాన్ని పెంచింది. రెండవది, 1946 నుండి భారతీయులకు ఏడాదికి కేవలం 100 మందికి మాత్రమే చోటిచ్చిన పాత కోటా పద్ధతిని తొలగించింది. అప్పుడు ఇంగ్లండులోని మన వైద్యులు అట్లాంటిక్ దాటి న్యూయార్కు, చికాగో, డెట్రాయిట్ నగరాల నడిబొడ్డు ఆసుపత్రులలో చేరారు. ఎందుకు ఆ నగరాలే? ఆ ఆసుపత్రులలో చేరడానికి స్థానిక పట్టభద్రులు ఇష్టపడలేదు, ఖాళీలు అక్కడ ఉన్నవి. అంతే. మన ఇండ్లలో చికాగో పేరు మారుమ్రోగడానికి మూలం ఆ ఖాళీలే. 1976 చట్టం విదేశీ వైద్యుల ద్వారాన్ని మరల ఇరుకు చేసేనాటికే ఆ నగరాలలో మనవారి సంఘాలు వేళ్ళూనుకొన్నవి. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ న్యూయార్కులో జరిగినది. హైదరాబాదీయులు ప్రపంచంలో ఎక్కడెక్కడ స్థిరపడినదీ, ఒక్కొక్క దేశంలో ఎట్లు మారినదీ కేరెన్ లెనార్డ్ అనే అమెరికన్ విదుషీమణి 2007లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించారు. ఆసక్తి గలవారు దానిని చూడవచ్చును.

ఇది గతం. నేటి యువకుని పరిస్థితి వేరు. అతడు ముందుగా తెలుసుకొనవలసినది ఒక నియమం. ఇది తెలియక ఎందరో దీర్ఘకాలం నష్టపోతున్నారు. అమెరికాలో శాశ్వత నివాసపు పత్రం, అంటే గ్రీన్‌కార్డు, కోరేవారిని ఆ ప్రభుత్వం దేశాలవారీగా వరుసలలో నిలబెడుతుంది. ఉద్యోగం ద్వారా ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించరాదు, అనగా సుమారు 9,800, అందులోనే భార్యాబిడ్డలు కూడ. భారతీయుల వరుస దశాబ్దాల పొడవు సాగినది. ఇక్కడ గమనింపవలసినది ఏమనగా, ఆ వరుస పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి. గాజులరామారంలో పుట్టినవాడు బ్రిటిష్ పౌరుడైనా భారతీయుల వరుసలోనే నిలబడవలె. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. భర్త గాని భార్య గాని బ్రిటనులో పుట్టినవారైతే ఇద్దరూ బ్రిటన్ వరుసలోకి పోవచ్చును. బ్రాడ్‌ఫర్డులో పుట్టి పెరిగిన అమ్మాయిని వివాహమాడిన మన అబ్బాయికి ఇది పెద్ద వరం. అక్కడ పుట్టిన బిడ్డ వల్ల మాత్రం తల్లిదండ్రులకు ఈ మేలు కలుగదు. వరుసలో ఉండగానే బిడ్డకు 21 ఏండ్లు నిండితే ఆ బిడ్డ తల్లిదండ్రుల దరఖాస్తు నుండి జారిపోయే ప్రమాదమూ ఉన్నది.

ఇక ప్రవేశపు మార్గాలు. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి మీద 2025 సెప్టెంబరులో పెద్ద దెబ్బ పడినది. విదేశం నుండి కొత్తగా రప్పించుకొనే ఉద్యోగికై యజమాని లక్ష డాలర్లు చెల్లించవలెనని అధ్యక్షుని ప్రకటన విధించింది. ఇంగ్లండులో ఒక బహుళజాతి సంస్థలో ఏడాది పనిచేసినవానికి ఎల్-1 అనే వేరొక దారి ఉన్నది. అదే సంస్థ అతనిని తన అమెరికా శాఖకు బదిలీ చేస్తుంది. దీనికి పై రుసుము వర్తించదు. కాని ఎల్-1 మీద పోయినవాడు యజమానిని మార్చుకొనలేడు. బ్రిటిష్ పౌరసత్వం పొందినవారికి మాత్రం, సొమ్ము పెట్టుబడిగా పెట్టి దుకాణమో చిన్న పరిశ్రమో నడుపుకొనే ఇ-2 వీసా లభిస్తుంది. భారతదేశంతో అమెరికాకు అట్టి ఒప్పందం లేదు. పుట్టిన చోటు కాక పాస్‌పోర్టు లెక్కకు వచ్చే అరుదైన సందర్భం ఇది. అయితే దానివల్ల గ్రీన్‌కార్డు రాదు.

దీనికి తోడు వృత్తి అనుమతి. ఇంగ్లండులో వైద్యునికి అనుమతి దేశమంతటికీ ఒక్కటే. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క బోర్డు. ఇంగ్లండులో కన్సల్టెంటుగా పనిచేసిన పెద్ద వైద్యుడు కూడ సాధారణంగా అక్కడ మరల రెసిడెన్సీ చేయవలసి ఉంటుంది. నలభై ఏండ్ల మనిషి ఇరవైయేడేండ్ల పిల్లల సరసన రాత్రి డ్యూటీలు చేయడం ఎంత కఠినమో చెప్పనక్కరలేదు. 2023లో టెన్నెసీ రాష్ట్రం ఈ నిబంధనను సడలిస్తూ చట్టం చేసినది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టినవి. కనుక వైద్యునికి నగరం కంటె రాష్ట్రం ముఖ్యం. నర్సులకు పలు రాష్ట్రాల ఉమ్మడి అనుమతి ఒకటి ఉన్నది. టెక్సాస్ అందులో చేరినది, ఇలినాయి, న్యూయార్కు, కాలిఫోర్నియా చేరలేదు. మన జీడిమెట్ల ప్రాంతంలో బి.ఫార్మసీ చదివినవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 2003 తరువాతి నాలుగేండ్ల పట్టాను అమెరికా ఫార్మసిస్టు పరీక్షకు అంగీకరించరు. కావున వారి స్థానం మందుల దుకాణంలో కాదు, మందుల కంపెనీలలో. ఆ కంపెనీలు దట్టంగా ఉన్నది న్యూజెర్సీలో. హైదరాబాదు కేంద్రంగా గల డాక్టర్ రెడ్డీస్, అరబిందో సంస్థల అమెరికా కార్యాలయాలు కూడ ఆ రాష్ట్రంలోనే ఉన్నవి.

ఇంతవరకు చెప్పినవి పటాన్ని కుదించే విషయాలు. కుదిరిన పటంలో మిగిలిన నాలుగైదు నగరాలను దేనితో తూచాలి? నా అభిప్రాయంలో అన్నిటికంటె బరువైన రాయి 60 రోజులు. హెచ్-1బి గాని ఎల్-1 గాని ఉన్నవాని ఉద్యోగం పోతే, 2017 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ లోపల హెచ్-1బి వానికి కొత్త యజమాని దొరకాలి. ఎల్-1 వాడు మరొక వీసాకు మారే ప్రయత్నం చేయాలి. లేకుంటే ఇల్లు, పిల్లల బడి, కారు అప్పు అన్నీ వదలి దేశం విడువవలె. ఇంగ్లండులో స్థిరనివాసం పొందినవాడు ఈ భయమెరుగడు. అందుచేత అడగవలసిన ప్రశ్న, “ఈ నగరంలో జీతమెంత?” అని కాదు. “ఈ నగరంలో నా ఉద్యోగం పోతే, పిల్లల బడి మారకుండా, 60 రోజులలో ఇంకొకటి దొరకునా?” అని.

ఒకే పరిశ్రమను నమ్ముకొన్న ఊరి సంగతి మన ప్రాంతంవారికి వేరుగా చెప్పనవసరం లేదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగర్ చెంత వేలాది కుటుంబాలకు అన్నం పెట్టినది. ఉత్పత్తి ఆగిన నాడు ఆ కాలనీ వైభవం ఏమైనదో కండ్లారా చూచినవారు మనలో ఉన్నారు. అమెరికాలో దీనికి పెద్ద ఉదాహరణ డెట్రాయిట్. కార్ల పరిశ్రమ మీద నిలిచిన ఆ నగర జనాభా 1950లో 18,49,568. 2020లో 6,39,111. 2013 జూలైలో నగర పాలక సంస్థ దివాలా ప్రకటించింది. చుట్టుప్రక్కల ట్రాయ్, కాంటన్, నోవై పట్టణాలలో మనవారు సుఖంగానే ఉన్నారు, ఇండ్ల ధరలూ తక్కువే. డియర్‌బోర్న్, హామ్‌ట్రామ్క్ పట్టణాలలో ముస్లిం జనాభా అధికం. కాని ఆ ప్రాంతపు నాడి నేటికీ కార్ల అమ్మకంతోనే కొట్టుకొంటుంది. యంత్రశాస్త్రం చదివి ఆ పరిశ్రమలోనే పండిపోదలచినవానికి డెట్రాయిట్ మంచిదే. ఇతరులకు నేను చెప్పను.

హ్యూస్టన్ కూడ ఒకప్పుడు ఇట్టిదే. 1973 తరువాత చమురు ధర పెరిగినప్పుడు పొంగిన ఆ నగరం, ధర పడిపోయిన 1980 దశకంలో రెండు లక్షలకు మించిన ఉద్యోగాలు కోల్పోయినది. ఇప్పుడు దానికి రెండవ కాలు ఉన్నది. ప్రపంచంలోనే అతి పెద్ద వైద్య సముదాయమైన టెక్సాస్ మెడికల్ సెంటర్ అక్కడిది. వైద్యులు, నర్సులు, పరిశోధకులు ఆలోచించదగిన నగరమే. కాని నీటి భయం ఉన్నది. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు కొన్నిచోట్ల మీటరుకు మించిన వాన కురిసింది. 2020 అక్టోబరులో ఫాక్స్ సాగర్ పొంగి మన చుట్టుప్రక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో నానినది మనకు తెలుసు. హ్యూస్టన్‌లో ఇల్లు చూచేవాడు గదులు లెక్కపెట్టుకొనేముందు ఆ వీధిలోకి నాడు ఎన్ని అడుగుల నీరు వచ్చినదో విచారించవలె.

డాలస్ నేడు తెలుగువారికి ముద్దుబిడ్డ. 2010-2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగినదని లెక్కలు తేలినవి. ఆ పెరుగుదలను కంటితో చూడదలచినవారు డాలస్ ఉత్తరాన ఉన్న ప్లేనో, ఫ్రిస్కో, పడమట ఉన్న అర్వింగ్ పట్టణాలకు పోతే చాలును. బ్యాంకులు, టెలిఫోను సంస్థలు, బీమా కంపెనీలు, కంప్యూటరు సంస్థలు కలగలిసి ఉన్నందున 60 రోజుల పరీక్షలో ఈ ప్రాంతం బాగుగానే నెగ్గుతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. దీనిని విని మురిసిపోయేవారు ఇంటి పన్ను సంగతి విచారించరు. ఇంగ్లండులో కౌన్సిల్ పన్ను ఇంట్లో నివసించేవాడు కడతాడు, అదొక మోస్తరు మొత్తం. అమెరికాలో ఇంటి యజమాని ఇంటి విలువను బట్టి ఏటా కట్టాలి. టెక్సాస్, ఇలినాయి, న్యూజెర్సీలలో అది 2 శాతం దాకా పోతుంది. 4 లక్షల డాలర్ల ఇంటికి 2 శాతమైతే ఏటా 8,000 డాలర్లు. ఇంటి అప్పు తీరినా ఈ పన్ను తీరదు.

న్యూజెర్సీలోని ఎడిసన్, న్యూయార్కుకు రైలు మీద పోయిరాదగిన దూరంలో ఉన్నది. మందుల కంపెనీలు ఒకవైపు, న్యూయార్కు ఆర్థిక సంస్థలు ఒకవైపు. ఇంటి ధర, పన్ను రెండూ భారమే. ఒంటరి యువకునికి, ముఖ్యంగా రసాయన శాస్త్రం చదివినవానికి, ఇది మొదటి మజిలీగా తగును. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, సన్నివేల్ ప్రాంతాలలో జీతాలు ఎక్కువ, ఇంటి ధరలు అంతకంటె ఎక్కువ. ప్రతిష్ఠాత్మకమైన కంప్యూటరు కొలువు చేతిలో ఉన్నవారికి తప్ప కుటుంబీకులకు అది కొరుకుడు పడదు. సియాటిల్, అట్లాంటాల గూర్చి కూడ ఎంతైనా వ్రాయవచ్చును గాని, ఇంగ్లండు నుండి పోయే కుటుంబానికి నేను మొదటిస్థానం ఇచ్చేది చికాగోకు.

కారణం చెబుతాను. ఇంగ్లండులో మన కుటుంబాల జీవనం కాళ్ళ మీద, బస్సు మీద సాగుతుంది. గృహిణి పిల్లవానిని బడికి నడిపించుకొని పోతుంది, దారిలో కూరలు కొంటుంది, డాక్టరు వద్దకు బస్సులో పోతుంది. మన చింతల్ బస్సెక్కినవారికి ఇది వింత కాదు. అదే కుటుంబం డాలస్ శివారులో దిగితే ఏమవుతుంది? కాలిబాట ఉండదు, ఉన్నా అది దుకాణం వద్దకు చేర్చదు. భర్త కారు తీసుకొని పోయిన తరువాత భార్య నాలుగు గోడల మధ్య మిగిలిపోతుంది. బ్రిటిష్ డ్రైవింగు లైసెన్సు ఉన్నా చాలా రాష్ట్రాలలో మరల పరీక్ష ఇవ్వాలి. హైదరాబాదులోనూ లండనులోనూ ఎడమవైపు నడిపిన చేయి కుడివైపుకు అలవాటు పడాలి. రెండు కార్లు, రెండు బీమాలు. లక్షణమైన ఇల్లు, వెనుక పచ్చిక, ఫోటోలో అన్నీ కనబడతవి. ఒంటరితనం ఫోటోలో కనబడదు. వలసపోయిన కుటుంబం సుఖపడినదా లేదా అన్నది భర్త జీతంతో కాక, భార్య మధ్యాహ్నం మూడు గంటలకు ఎక్కడికి పోగలదన్న దానితో తేలుతుందని నా నమ్మకం.

చికాగోలో 1892 నుండి ఎత్తు వంతెనల మీద నడిచే రైలు ఉన్నది, బస్సులు విరివిగా ఉన్నవి. నగరానికి ఉత్తరాన డెవాన్ అవెన్యూ అనే వీధి ఉన్నది. 1974లో అక్కడ ఒక గుజరాతీ కుటుంబం పటేల్ బ్రదర్స్ అనే కిరాణా దుకాణం తెరిచినది. నేడు ఆ వీధిలో ఒక భాగానికి గాంధీ మార్గ్ అనీ, ఇంకొక భాగానికి మహమ్మద్ అలీ జిన్నా మార్గమనీ గౌరవ నామాలు. రెండు పేర్లు ఒకే వీధి మీద శాంతంగా వ్రేలాడుతున్న దృశ్యం మన ఉపఖండంలో దొరకదు. ఉర్దూ, తెలుగు, హిందీ, గుజరాతీ వినబడుతుంటవి. హలాల్ మాంసం, గోంగూర ఒకే వీధిలో దొరుకుతవి. 1969లోనే ముస్లిం కమ్యూనిటీ సెంటర్ వెలసినది. మొదటి రెండు మూడేండ్లు అక్కడ అద్దెకు ఉండి, దేశం మర్మం తెలిసిన తరువాత నేపర్‌విల్, షాంబర్గ్ వంటి శివారులకు మారినవారు ఎందరో. ఇక ఉద్యోగాలు: ఆసుపత్రులు, బ్యాంకులు, ఆహార పరిశ్రమలు, మందుల కంపెనీలు, విమాన సంస్థలు, ఏ ఒక్కటీ నగరాన్ని శాసించదు. 60 రోజుల రాయితో తూచినా తరాజు నిలబడుతుంది.

లోపాలు దాచరాదు. మొదటిది చలి. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 4 డిగ్రీలు దిగువ. 1985 జనవరి 20న దాదాపు 33 డిగ్రీలు దిగువకు పోయినది. లండను చలి దీని ముందు మన ధనుర్మాసం వంటిది. ఎండ మాత్రం తక్కువ తినలేదు, 1995 జూలై వడగాలికి ఆ నగరంలో 700 మందికి మించి మరణించారు. రెండవది పన్ను. ఇలినాయి ఆదాయంలో 4.95 శాతం తీసుకొంటుంది, ఇంటి పన్ను దానికి అదనం. మూడవది, నగరంలోని కొన్ని పేటలలో నేరాలు అధికం. పేట పేటకూ తేడా ఉన్నందున నగరమంతటినీ ఒకే మాటతో కొట్టివేయడం మాత్రం న్యాయం కాదు.

భార్య ఉద్యోగం సంగతి కూడ ఇక్కడే చెప్పవలె. ఎల్-1 భర్తతో వచ్చిన భార్య వచ్చిన నాటి నుండి పని చేయవచ్చును. హెచ్-1బి భర్తతో వచ్చిన భార్య, 2015 నిబంధన ప్రకారం, భర్త గ్రీన్‌కార్డు తొలి దరఖాస్తు ఆమోదం పొందిన పిదపనే చేయగలదు. లెస్టరులో ఉపాధ్యాయినిగానో ఆసుపత్రి ఉద్యోగినిగానో పనిచేస్తున్న స్త్రీ ఏండ్ల తరబడి ఖాళీగా కూర్చొనవలసి వస్తే ఆ ఇంటి ఆదాయమే కాదు, ఆమె మనస్సు కూడ క్రుంగుతుంది. కుటుంబ సభలో ఈ విషయం మగవారే మాట్లాడి తీర్మానిస్తున్నారు. ఆమెను అడిగే ఆచారం పెంపొందవలె.

విద్య విషయంలో ఇంగ్లండు నుండి వచ్చేవారు ఒక్కటి గ్రహించాలి. అమెరికాలో ప్రభుత్వ బడికి ధనం చాలావరకు ఆ ప్రాంతపు ఇంటి పన్ను నుండి వస్తుంది. ధనికుల పేటలో మంచి బడి, పేదల పేటలో చితికిన బడి. కనుక ముందు బడి, తరువాత ఇల్లు. విశ్వవిద్యాలయంలో ఆ రాష్ట్రవాసులకు రుసుము తక్కువ, పొరుగు రాష్ట్రంవారికి చాలా ఎక్కువ. ఇలినాయి, మిషిగన్, టెక్సాస్ రాష్ట్రాలకు గొప్ప ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఉన్నవి. 1997 చట్టం ప్రకారం టెక్సాస్‌లో బడి చదువులో మొదటి పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ప్రవేశం హామీ. ఆస్టిన్‌లో మాత్రం ఆ హామీ అంతకంటె ఇరుకైనది. పన్నెండేండ్ల బిడ్డ గలవారు ఇది ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

ఆరోగ్యం, సెలవులు – వీటిలో ఇంగ్లండుదే పైచేయి. అక్కడ ఉద్యోగికి ఏటా 28 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టబద్ధం. అమెరికా కేంద్ర చట్టం ఒక్క రోజు కూడ హామీ ఇవ్వదు. 1993 చట్టం ఇచ్చే 12 వారాలు జీతం లేని సెలవే, అదీ కుటుంబంలో జబ్బు, ప్రసవం వంటి సందర్భాలలో. వైద్య బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే 60 రోజుల గండంతో పాటు ఇదొకటి.

మరి ఇక్కడ గాజులరామారంలో మిగిలిపోయిన తల్లిదండ్రుల మాట? లండనుకూ మనకూ కాలభేదం నాలుగున్నర లేదా ఐదున్నర గంటలు. కొడుకు పని ముగించి ఫోను చేస్తే తల్లి ఇంకా మేలుకొనే ఉంటుంది. చికాగో, డాలస్‌లకు పదిన్నర లేదా పదకొండున్నర, కాలిఫోర్నియాకు పన్నెండున్నర లేదా పదమూడున్నర. కొడుకుకు పగలు, తల్లికి రాత్రి. తల్లిదండ్రులను శాశ్వతంగా రప్పించుకొనే హక్కు అమెరికాలో పౌరునికి మాత్రమే, గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత సాధారణంగా ఐదేండ్లకు పౌరసత్వం. భారతీయుల వరుస పొడవు పైన చెప్పితిని. లెక్క వేస్తే తల్లిదండ్రుల వయస్సు ఎంతకు చేరునో ఎవరికి వారు చూచుకొనవచ్చును. అంతవరకు సందర్శక వీసా మీద కొన్ని నెలలు వచ్చిపోవడమే. ఇంగ్లండు కూడ 2012 నుండి ఈ తలుపు దాదాపు మూసినది గనుక ఆ దేశాన్ని పొగడడానికి వీలు లేదు. కాని జ్వరమని కబురు వస్తే లండను నుండి మరునాటికి శంషాబాదులో దిగవచ్చును. అమెరికా నుండి దిగేసరికి ఇంకొక రోజు గడుస్తుంది, వీసా ముద్ర పాతబడినదైతే తిరిగి పోవడం గూర్చి భయం వేరు.

అందువల్ల బయలుదేరే కాలం కూడ నగరమంత ముఖ్యం. ఇంగ్లండులో శాశ్వత నివాసానుమతి పొందినవాడు వరుసగా రెండేండ్లకు మించి ఆ దేశం వెలుపల ఉంటే ఆ అనుమతి చెల్లదు. పౌరసత్వం అట్లు పోదు. ఏడాది ఓపిక పట్టి బ్రిటిష్ పౌరసత్వం పొంది పోయినవానికి, అమెరికాలో 60 రోజులు ముగిసినా తిరిగిపోవడానికి ఒక దేశం, పిల్లలకు ఒక బడి మిగులుతవి. భారత పౌరసత్వం వదలుకొనడం చిన్న విషయం కాదు, ఓ.సి.ఐ. కార్డు దానికి పూర్తి బదులు కాజాలదు. అయినా అమెరికా ప్రయాణమే నిశ్చయమైతే, తొందరపడి ముందే బయలుదేరినవారి కంటె ఆ ఏడాది ఆగినవారి స్థితి మెరుగు.

ఆ పాస్‌పోర్టుతో ఇంకొక సౌకర్యమూ ఉన్నది. బ్రిటిష్ పౌరులు ఆన్‌లైనులో అనుమతి తీసుకొని వీసా లేకుండా 90 రోజుల వరకు అమెరికాను సందర్శించవచ్చును. పనిచేయరాదు గాని చూడవచ్చును. చూడబోయేవారు చికాగోను మే నెలలోనో, డాలసును డిసెంబరులోనో చూచి మోసపోరాదు. చికాగోను జనవరిలో, డాలసును ఆగస్టులో చూడవలె. భార్యను వెంట తీసుకొని పోవలె. అద్దె కారు ఒక రోజు పక్కన పెట్టి, అనుకొన్న ఇంటి నుండి బడికి, బడి నుండి అంగడికి, అంగడి నుండి దవాఖానాకు ఆమెను ఒంటరిగా పోయి రమ్మనవలె. సాయంత్రం ఆమె తిరిగి వచ్చిన తరువాత నగరం పేరు ఆమెనే చెప్పమనవలె.